లెక్షి అంటే మేనమామ

విజయదశమికి మన గుడిలో అక్షరాభ్యాసాలు జరుగుతాయి. పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని, పళ్ళెంలో బియ్యం పోసి, చిట్టి వేలు పట్టుకుని ‘ఓం నమః శివాయ’ అని రాయిస్తాం. ఇండియా నుంచి తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చి ఉంటే ఆ సంబరమే వేరు. పిల్లలకు అక్షరంతో తొలి పరిచయం అయినవాళ్ళ ఒడిలో జరగాలని మన పెద్దల కోరిక.

మనం ఉంటున్న ఈ అమెరికాలోనే, ఇదే అక్టోబరు నెలలో, 1879లో కొందరు పిల్లల చదువు మరోలా మొదలైంది. నేటి దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్, పైన్ రిడ్జ్ ప్రాంతాల నుంచి లకోటా తెగ పిల్లలను పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడికి తీసుకువచ్చారు. వారిలో ఒకరైన లూథర్ స్టాండింగ్ బేర్ తరువాత రచయితగా పేరు పొందారు. ఆ రోజులను ఆయన తన పుస్తకాల్లో చెప్పుకున్నారు. నల్లబల్ల మీద ఇంగ్లీషు పేర్లు రాసి, చేతికి కర్ర ఇచ్చి, ఒకటి ఎంచుకోమన్నారట. చదవడం రాని ఆ పిల్లవాడు తోచినదాన్ని తాకాడు. అదే అతని పేరైపోయింది. ఇంట్లో పిలిచే ‘ఓటా క్టే’ అనే పేరు ఇంటికే మిగిలిపోయింది. ఆ బడిలో పిల్లల జుట్టు కత్తిరించారు. సొంత భాష మాట్లాడవద్దన్నారు, మాట్లాడితే శిక్షించారు.

ఇటువంటి బడుల్లో చదివి పెద్దయిన చాలామంది తమ పిల్లలతో లకోటా మాట్లాడలేదు. భాష మీద ప్రేమ లేక కాదు, తాము పడ్డ బాధ పిల్లలు పడకూడదని. ఆ మౌనం కూడా ప్రేమే. కానీ దాని ఫలితంగా నేడు ఆ భాష ధారాళంగా మాట్లాడేవారిలో ఎక్కువమంది వృద్ధులే.

ఇప్పుడు ఆ తెగ ఉపాధ్యాయులు ఆ భాషను మళ్ళీ పిల్లల నోట పలికించే పనిలో ఉన్నారు. ఆల్బర్ట్ వైట్ హ్యాట్ అనే పెద్దాయన రోజ్‌బడ్‌లోని సింటే గ్లెస్కా విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి లకోటా బోధించి, 1999లో పాఠ్యపుస్తకం ప్రచురించారు. మన పిల్లలు కూడా చూసే బెరెన్‌స్టైన్ బేర్స్ కార్టూన్ 2011లో లకోటాలో వచ్చింది. స్టాండింగ్ రాక్‌లోని సిట్టింగ్ బుల్ కళాశాల 2012లో పసిపిల్లల కోసం ఒక బడి తెరిచింది. ఆటపాటలు, కబుర్లు అన్నీ లకోటాలోనే. దాని పేరులోని మాటకు ‘గూడు’ అని అర్థం. నేర్పేవారిలో కొందరు తాము కూడా పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్నవారే.

లకోటాలో చుట్టరికాలను పిలిచే తీరు చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. తండ్రిని ‘అతే’ అంటారు, తండ్రి అన్నదమ్ములను కూడా ‘అతే’ అనే అంటారు. తల్లి ‘ఇనా’, తల్లి అక్కచెల్లెళ్ళు కూడా ‘ఇనా’లే. మేనమామకు మాత్రం వేరే మాట, ‘లెక్షి’. మేనత్తకు ‘తున్విన్’. మన పెద్దనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని, మేనమామ, మేనత్త గుర్తుకు రావడం లేదూ? లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ పండితుడు 1871లో ప్రచురించిన గ్రంథంలో అమెరికా ఆదివాసుల చుట్టరికపు మాటలను తమిళ, తెలుగు మాటల పక్కన పెట్టి పోల్చాడు. అంతమాత్రాన మనకూ వారికీ రక్తసంబంధం ఉందని కాదు. పినతండ్రి కూడా తండ్రే అనే భావన రెండు చోట్లా ఉందని మాత్రమే.

ఇక్కడే మనం ఆలోచించవలసిన ధర్మసందేహం ఉంది. పెద్దలు తమకు ఇచ్చినదాన్ని పిల్లలకు ఇవ్వకపోవడం తప్పా? పిల్లలు ఈ దేశంలో బతకాలి, వారి మీద ఇంకో బరువు ఎందుకు అని మనలో చాలామంది అంటారు. తెలుగుకేం, 2011 లెక్కల ప్రకారం మన దేశంలోనే 8 కోట్ల మందికి అది మాతృభాష, మన ఇంట్లో ఆగిపోతే ప్రపంచంలో ఆగిపోదు అని కూడా అంటారు. ఆ మాట నిజమే. లకోటావారికి ఆ ధీమా లేదు. వారి కష్టాన్ని మన కష్టంతో పోల్చడం న్యాయం కాదు. వారి భాషను బలవంతంగా లాక్కున్నారు. మన నోరు ఎవరూ మూయలేదు.

అందుకే మన బాధ్యత ఎక్కువేమో అనిపిస్తుంది. ఆదివారం తెలుగు తరగతికి పిల్లలను దింపి, బయట నడవాలో నిలబడి మనం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. గుడిలో కనిపించిన ప్రతి పెద్దమనిషినీ ‘అంకుల్’ అనమని మనమే నేర్పాం. ‘అంకుల్’ అంటే ఎవరైనా కావచ్చు. మామయ్య అంటే ఎవరో, పెళ్ళిలో ఆయన చేయవలసిన పని ఏమిటో, ఆయన మనల్ని మందలించే హక్కు ఎక్కడిదో ఆ పిలుపులోనే ఉంది. పిలుపు పోతే ఆ బంధం ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పవలసి వస్తుంది. చెప్పినా అర్థమవుతుందన్న నమ్మకం లేదు. తెలుగు బతకడానికి మన పిల్లలు అక్కర్లేకపోవచ్చు. కానీ ఫోనులో మనవడి గొంతు కోసం ఎదురుచూసే నాయనమ్మకు 8 కోట్లమందిలో ఆ మనవడే కావాలి.

పితృఋణం తీర్చుకోవడమంటే తద్దినం పెట్టడమే కాదు, వారు మనకు ఇచ్చిన మాటను ముందుకు అందించడం కూడా అని మేము అనుకుంటున్నాం. ఈ దసరాకు చిన్న ప్రయత్నం చేద్దాం. బొమ్మల కొలువు పేరంటానికి వచ్చినవారిని పిన్ని, అత్తయ్య, బాబాయి, మామయ్య అని పిల్లల చేత పిలిపిద్దాం. ముందు మనం పిలుద్దాం. అలాగే దక్షిణ డకోటాలో 1990 నుంచి అక్టోబరు రెండో సోమవారాన్ని ఆదివాసుల దినంగా జరుపుకుంటున్నారని పిల్లలకు చెబుదాం. బడిలో ఎవరైనా ‘నువ్వు ఏ ఇండియన్‌వి?’ అని అడిగితే, తాము ఎవరో చెప్పడంతో పాటు, ఆ పేరుతో ముందు నుంచీ ఇక్కడ ఉన్నవారి గురించి కూడా గౌరవంగా చెప్పగలగాలి.