వేరేవాళ్ళ యాత్ర చదివి వెళ్తే, మన యాత్ర మనదేనా?

ఓం నమః శివాయ.

శ్రీశైలం కాలినడక మీద చేసిన వీడియోలో దారి, మజిలీలు, నీళ్ళు, సామాను గురించి మాట్లాడుకున్నాం. ఒక ప్రశ్న మాత్రం అందులో ఇమడలేదు. రెండు నిమిషాల్లో తేల్చేసే ప్రశ్న కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రశ్న అడిగింది మా బాబాయి కొడుకు. వాడికి ఇరవై రెండేళ్ళు. బాబాయి పోయి రెండేళ్ళయింది. శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని ఆయన ఎప్పుడో మొక్కుకున్నారు. ఉద్యోగం, ఇల్లు, ఆ తర్వాత ఆరోగ్యం... కుదరలేదు. ఆ మొక్కు తను తీరుస్తానని వీడు పట్టుబట్టాడు. బయలుదేరే ముందు రెండు నెలల పాటు, ఆ అడవి దారిలో నడిచినవాళ్ళు రాసుకున్నవి దొరికినవన్నీ చదివాడు. చదివి చదివి, ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, అందరూ కైలాసద్వారం దగ్గరికి రాగానే ఏడ్చేశామని రాశారు. ఒళ్ళు గగుర్పొడిచింది, ఎవరో పిలిచినట్టు అనిపించింది అని రాశారు. నేను అక్కడికి వెళ్ళాక నాకేమీ అనిపించకపోతే? అంటే స్వామి నన్ను పట్టించుకోలేదనా? నాన్న మొక్కు చెల్లలేదనా?"

ఇది వాడి ఒక్కడి భయం కాదు. మన వయసు వాళ్ళం ఏ యాత్రకి వెళ్ళినా ముందే చూసి, చదివి, మార్కులు వేసుకుని వెళ్తాం. అరుణాచలం గిరిప్రదక్షిణ అయినా, తిరుమల మెట్లదారి అయినా అంతే. దాంతో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. "అస్సలు చదవకండి, సినిమా కథ ముందే చెప్పేసినట్టు అవుతుంది" అనేవాళ్ళు కొందరు. "అన్నీ చదివే వెళ్ళండి, లేకపోతే ఏం చూడాలో కూడా తెలీదు" అనేవాళ్ళు కొందరు. మరి మన పెద్దలు ఏమన్నారు?

దీనికి మహాభారతంలోనే జవాబు ఉంది. అరణ్యపర్వంలో తీర్థయాత్రల భాగం చూడండి.

అర్జునుడు దివ్యాస్త్రాల కోసం వెళ్ళిపోయాడు. మిగిలిన పాండవులకి అతను లేని అడవి వెలితిగా ఉంది. అప్పుడు నారదుడు వస్తాడు. తీర్థాలు తిరిగితే ఏం ఫలం వస్తుందని ధర్మరాజు అడుగుతాడు. నారదుడు తన మాటగా చెప్పడు. పూర్వం పులస్త్య మహర్షి భీష్ముడికి చెప్పినది చెబుతాడు. అంటే ధర్మరాజు వింటున్నది ఇంకొకరు ఇంకెవరికో చెప్పిన యాత్రావర్ణన అన్నమాట! అది అయ్యాక ధౌమ్యుడు నాలుగు దిక్కుల్లో ఏ తీర్థాలున్నాయో చెబుతాడు. ఆ తర్వాత రోమశ మహర్షి వస్తాడు. ఆయన ఆ తీర్థాలన్నీ అప్పటికే రెండుసార్లు చూసినవాడు. మూడోసారి మీతో కలిసి చూస్తానంటాడు.

గమనించారా? ధర్మరాజు ఒక్క అడుగు వెయ్యకముందే ముగ్గురి నోట వింటున్నాడు. వినడం వల్ల యాత్ర పాడవుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు చూసిన రోమశుడికి మూడోసారి విసుగూ రాలేదు. ముందే తెలిస్తే రుచి పోతుందనే మాట సినిమాకి సరిపోతుందేమో గానీ, తీర్థానికి సరిపోదు. రామాయణం ఎన్నిసార్లు విన్నా మళ్ళీ వింటాం కదా, ఇదీ అంతే.

పులస్త్యుడు ఇంకో మాట కూడా అన్నాడు. వెళ్ళలేనివాళ్ళు ఆ తీర్థాలకి మనసుతోనైనా వెళ్ళాలని. కాబట్టి మంచాన ఉన్న నానమ్మకి ఎవరిదైనా యాత్ర చదివి వినిపిస్తే, అదీ యాత్రే. మా బాబాయి ఆఖరి రోజుల్లో ఎన్నిసార్లు ఆ దారి గురించి అడిగి చెప్పించుకున్నారో నాకు తెలుసు. ఆయన అసలు వెళ్ళనే లేదని నేను అనుకోను.

సరే, వినడం మంచిదే. మరి వాడి భయం సంగతేంటి? దానికి కూడా పులస్త్యుడి దగ్గరే జవాబుంది. తీర్థఫలం ఎవరికి దక్కుతుందో ఆయన ఒక పట్టీలా చెబుతాడు. చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉన్నవాడికి. దొరికినదానితో తృప్తిపడేవాడికి. అహంకారం లేనివాడికి. మితంగా తినేవాడికి. కోపం లేనివాడికి, నిజం చెప్పేవాడికి. అన్ని ప్రాణుల్నీ తనలాగే చూసుకునేవాడికి.

ఆ పట్టీ రెండుసార్లు చదవండి. అందులో కన్నీళ్ళు లేవు. గగుర్పాటు లేదు. ఎవరో పిలిచినట్టు అనిపించాలని లేదు. అవి వస్తే సంతోషం, ప్రసాదంలా కళ్ళకద్దుకోండి. రాకపోతే ఫలం తగ్గిందని మాత్రం ఎక్కడా లేదు. దేవుడు మనల్ని చూశాడా లేదా అన్నదానికి మన ఒంటి మీద రోమాలు సాక్ష్యం కాదు.

ఇక్కడే వేరేవాళ్ళ యాత్రానుభవాలతో ఒక చిక్కు ఉంది. రాసేవాడు ఐదు రోజులు నడుస్తాడు. అందులో నాలుగున్నర రోజులు కాళ్ళ నొప్పి, దాహం, నిద్రలేమి, పక్కవాడి గురక. ఒక్క పది నిమిషాలు కళ్ళు చెమ్మగిల్లాయి. రాసేటప్పుడు ఆ పది నిమిషాలే పేజీ అంతా పరుచుకుంటాయి. అబద్ధం కాదు, గుర్తున్నదే రాశాడు. చదివిన మనం మాత్రం యాత్ర అంటే ఆ పది నిమిషాలే అనుకుంటాం. అది మనకి రాకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడతాం.

ఇలా ముందే బొమ్మ గీసుకుని వెళ్తే ఏమవుతుందో కూడా అదే తీర్థయాత్రల భాగంలో ఉంది. మనందరికీ తెలిసిన కథే. ద్రౌపది అడిగిన సౌగంధిక పుష్పం కోసం భీముడు గంధమాదనం మీద వెళ్తున్నాడు. అరటితోటలో, దారికి అడ్డంగా ఒక ముసలి కోతి పడుకుని ఉంది. లేచి దారి ఇమ్మన్నాడు. లేవలేను, దాటి వెళ్ళు అంది. ప్రతి ప్రాణిలోనూ పరమాత్మ ఉన్నాడు కాబట్టి దాటను, లేకపోతే హనుమంతుడు సముద్రం దాటినట్టు నిన్ను దాటి వెళ్ళేవాణ్ణి అన్నాడు భీముడు. ఆ హనుమంతుడెవరు అని అడిగింది కోతి. భీముడు గర్వంగా చెబుతాడు. ఆయన మా అన్న, రామాయణంలో ప్రసిద్ధుడు, నూరు యోజనాల సముద్రాన్ని ఒక్క గంతులో దాటినవాడు అని!

ఎవరికి చెబుతున్నాడు? హనుమంతుడికే.

భీముడికి రామాయణం తెలియక కాదు. బాగా తెలుసు. తెలిసిన ఆ రూపం ఎంత పెద్దదంటే, ఎదురుగా ఉన్న ముసలి రూపం దాని వెనక కనబడకుండా పోయింది. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే సర్వర్‌లో కొత్త పేజీ ఉంది, బ్రౌజర్ మాత్రం క్యాష్‌లో దాచుకున్న పాత పేజీనే చూపిస్తోంది.

తోక ఎత్తలేక, తల వంచి, ఎవరు స్వామీ మీరని అడిగాక గానీ సంగతి తెలియలేదు. తెలిశాక ఏమడిగాడు? సముద్రం దాటినప్పటి ఆ రూపం చూపించమన్నాడు. అంటే తను విన్నదే చూడాలని! దానికి హనుమంతుడి మొదటి మాట ఏంటంటే, ఆ రూపం నువ్వు గానీ ఇంకెవరు గానీ చూడలేరు, ఆ కాలం వేరు, ఇప్పుడు అది లేదు అని. భీముడు బతిమాలితే ఆఖరికి చూపించాడు. చూపిస్తే భీముడు కన్నెత్తి చూడలేకపోయాడు, ఉపసంహరించమని వేడుకున్నాడు.

నాకు ఇందులో వినబడేది ఇది. ఇంకొకరి యాత్రలో స్వామి కనబడిన రూపం వాళ్ళ కాలానిది, వాళ్ళ మోకాళ్ళకీ వాళ్ళ దుఃఖానికీ సరిపోయినది. మన కోసం దారిలో అడ్డంగా పడుకున్న రూపం వేరే ఉంటుంది. దాన్ని చూడాలంటే కంట్లో కాస్త ఖాళీ ఉండాలి.

అయితే ఖాళీ అంటే అజ్ఞానం కాదండోయ్. వెంకటాపురం దాటి నల్లమలలోకి దిగాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం... ఈ దారిలో నీళ్ళెక్కడ, ఎండ ఎంత, ఏ మజిలీకి చీకటి పడకముందే చేరాలి, ఇవి తెలియకుండా వెళ్ళడం భక్తి కాదు. అది పులుల అభయారణ్యం. అటవీశాఖ వాళ్ళు చెప్పిన రోజుల్లో, చెప్పిన దారిలోనే నడవాలి.

ఈ విషయంలో మనకి గొప్ప ఆదర్శం ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. దారిపొడుగునా రాసి స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి పంపినవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. వెళ్తూ వెళ్తూ ఆయన శ్రీశైలం కూడా వెళ్ళారు, ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు మీదుగానే. ఊరు ఎంత దూరం, బాట ఎలా ఉంది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా అని ఓపిగ్గా రాశారు. వెనక వచ్చేవాడికి అక్కరకొచ్చేది రాయాలన్న శ్రద్ధ అది. ఎక్కడెక్కడ ఏం అనుభూతి చెందాలో మాత్రం ఆయన మనకి నేర్పలేదు.

ఆయనకంటే చాలా ముందే పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలం యాత్రికుల గురించి రాశాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఆలోచిస్తే మెట్లు కట్టడం, యాత్ర రాయడం ఒకే రకం సేవ. ముందు నడిచినవాడు వెనకవాడి కాలికి ఆసరా ఇస్తాడు. ఎక్కాల్సింది మాత్రం వెనకవాడే.

మా వాడికి నేను ఇదంతా ఇంత వివరంగా చెప్పలేదు. పులస్త్యుడి పట్టీ ఒక్కటి కాగితం మీద రాసిచ్చి జేబులో పెట్టుకోమన్నాను. ఇద్దరం కర్నూలు నుంచి నడక మొదలుపెట్టాం. భీముని కొలను లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే చోట, కర్ణాటక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన గుంపుకి వెనకబడిపోయింది. మా వాడికి కన్నడం రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవిడ మూట వీడు భుజానికెత్తుకుని, చెయ్యి అందించి మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కించాడు. కైలాసద్వారం చేరేసరికి ఆవిడ వాళ్ళు ఎదురొచ్చి తీసుకెళ్ళిపోయారు. వీడు పక్కనే కూలబడి నీళ్ళు తాగాడు. ఏడవలేదు.

"ఏమనిపించింది రా?" అని నేనడగలేదు. దర్శనం అయ్యాక వాడే అన్నాడు. "ఏమీ అనిపించలేదన్నా. ఆవిడకి కాళ్ళు తగ్గాయో లేదో." జేబులో కాగితం అడిగి తీసుకున్నాను. అన్ని ప్రాణుల్నీ తనలాగే చూసుకునేవాడు అని ఉందే, ఆ వరుస చూపించి, బాబాయి మొక్కు చెల్లింది రా అన్నాను.

ఇక మీలో ఈ సంవత్సరం ఏ నడకకైనా సిద్ధమవుతున్నవాళ్ళకి మూడు మాటలు.

బయలుదేరే ముందు చదవండి, హాయిగా చదవండి. దారి, నీళ్ళు, వాతావరణం, నియమాలు రాసిపెట్టుకోండి. స్థలపురాణం వినండి, ఎందుకంటే అది తెలిస్తే రాయి కూడా మాట్లాడుతుంది. ఎవరికి ఎక్కడ ఏమనిపించిందో చదివితే "వాళ్ళకి స్వామి అలా ఇచ్చాడు, సంతోషం" అనుకుని అక్కడ వదిలెయ్యండి. మీ పట్టీలోకి ఎక్కించుకోకండి.

నడక మొదలయ్యాక చదవడం ఆపెయ్యండి. రోమశుడు ధర్మరాజుకి ముందుగా చెప్పిన మాట, బరువు తగ్గించుకో, తేలిగ్గా బయలుదేరు అని. ఆయన అన్నది వెంట వచ్చే జనం గురించి. మనకి జనం లేరు, ఫోన్‌లో దాచుకున్న వందమంది అనుభవాలున్నాయి. ఆ బరువు కింద పెట్టండి. పక్కన నడిచేవాళ్ళ మొహం చూడండి.

తిరిగొచ్చాక మీరూ రాయండి. నీళ్ళు దొరికిన చోటూ రాయండి, కళ్ళు తడిసిన చోటూ రాయండి. ఏమీ అనిపించని రోజుల్ని కూడా దాచకుండా రాయండి. ఎక్కడో ఒక కుర్రాడు అది చదివి, తనకేమీ అనిపించకపోయినా స్వామి తనవాడేనని ధైర్యం తెచ్చుకుంటాడు. అదీ ఒక మెట్టు కట్టించడమే.

భ్రమరాంబా సమేత మల్లికార్జున స్వామి అందరి కాళ్ళకీ బలం ఇవ్వాలని, అందరి కళ్ళలో కాస్త ఖాళీ ఉంచాలని కోరుకుంటూ...

ఓం నమః శివాయ.