ఊపిరి కోసం పైకి వచ్చే ప్రాణి



కొంతకాలం క్రితం సత్యోపదేశం తరగతిలో ఒక పిల్లవాడు లేచి నిలబడి, "సామీ, యోనాను మింగింది డాల్ఫినా?" అని అడిగాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. యోనా గ్రంథం అది పెద్ద చేప అని మాత్రమే చెబుతుంది, దాని జాతి చెప్పదు. పైగా డాల్ఫిన్ చేపే కాదు. మనిషిని మింగేంత గొంతూ దానికి లేదు. ఇదే మాట పిల్లవాడికి చెప్పి కూర్చోబెట్టాను. కానీ ఆ రాత్రి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దేవుడు సముద్రంలో పెట్టిన ఈ ప్రాణి గురించి మనకు ఎంత తెలుసు?

మన చిత్తూరు వాళ్ళకు సముద్రం దూరం. మనలో చాలామంది సముద్రాన్ని మొదట చూసింది వేళాంగణిలోనే. సెప్టెంబరు 8 పండుగకు పోయి, మొక్కు తీర్చుకుని, తలనీలాలిచ్చి, అలల్లో కాళ్ళు తడుపుకుని, ఒక సీసాలో ఉప్పునీళ్ళు పట్టుకుని తిరిగి వస్తాం. అయితే 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, పులికాట్ వైపు తీరం మన పక్కకు వచ్చి చేరింది. చలికాలంలో పులికాట్ సరస్సులో రాజహంసలను చూడడానికి పిల్లలను తీసుకుని వెళ్తున్నాం. సరస్సుకు, సముద్రానికి మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా ఉంది. దానికి ఆవల ఉన్న బంగాళాఖాతంలో డాల్ఫిన్లు ఉన్నాయి.

సముద్రం మీద వేటకు పోయేవాళ్ళకు అవి కొత్త కాదు. మొదట నీటి మీద నల్లని వీపు వంపు తిరుగుతుంది, నడుమ కొడవలిలాంటి రెక్క ఒకటి కనిపిస్తుంది, బుస్సుమని శబ్దం వస్తుంది, మళ్ళీ మాయం. ఆ బుస ఊపిరి వదిలిన శబ్దం. డాల్ఫిన్‌కు మొప్పలు లేవు. మనలాగే ఊపిరితిత్తులున్నాయి. ముక్కు నడినెత్తిన ఒకే రంధ్రంగా ఉంటుంది, నీళ్ళలో మునిగితే మూసుకుంటుంది. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. డాల్ఫిన్ తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ కొట్టుకుంటుంది. వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు. పైనుంచి చూస్తే లోతు నీళ్ళలో, కిందనుంచి చూస్తే ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. తల్లి సుమారు ఏడాదిపాటు కడుపులో మోసి ఒకే బిడ్డను కంటుంది, పాలిచ్చి పెంచుతుంది. డాల్ఫిన్ అనే మాటకు మూలమైన గ్రీకు మాట, గర్భం అనే అర్థమున్న మాటకు చుట్టం. చేపలా కనిపించినా ఇది కడుపున మోసి కనే ప్రాణి అని ఆ పూర్వులు గమనించారు.

ఒడ్డుకు దగ్గరగా, నదులు కలిసే చోట్ల, మూపురం ఉన్న డాల్ఫిన్లు తిరుగుతాయి. లోతు నీళ్ళలో గిరగిర తిరిగే డాల్ఫిన్లు మందలు మందలుగా ఉంటాయి. ఇవి నీళ్ళలోంచి ఎగిరి, బొంగరంలాగా గాలిలో ఏడు చుట్ల వరకూ తిరిగి పడతాయి. ఒంటికి అంటుకున్న చేపలను విదిలించుకోవడానికని కొందరు, తోటివాటికి కబురు చెప్పడానికని కొందరు శాస్త్రజ్ఞులు అంటారు. కీర్తనకారుడైతే 104వ కీర్తనలో, దేవుడు సముద్రపు మహాజంతువును అక్కడ ఆడుకోవడానికే చేశాడన్న భావంతో పాడుకున్నాడు. నాకు ఆ మాటే నచ్చుతుంది. సృష్టిలో ప్రతిదీ మన కూరకుండ కోసమే పుట్టిందనుకునేవాళ్ళం ఆ కీర్తనను అప్పుడప్పుడూ చదువుకోవాలి. జగద్గురువు ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలోనూ ఇదే బోధ ఉంది: మనకు పనికివచ్చినా రాకపోయినా ప్రతి ప్రాణికీ దేవుని ఎదుట తనదైన విలువ ఉంది.

ఇంకొక సంగతి. డాల్ఫిన్ పిల్ల పుట్టిన ఏడాదిలోపే తనకంటూ ఒక ఈల ఏర్పరచుకుంటుంది. ఒకదాని ఈల ఇంకొకదానికి ఉండదు. మనకు పేరు ఎలాంటిదో దానికి ఆ ఈల అలాంటిది. 2013లో స్కాట్లాండు శాస్త్రజ్ఞులు సముద్రంలోని డాల్ఫిన్లకు వాటి ఈలనే అనుకరించి వినిపిస్తే, ఎవరి ఈల వినిపించిందో అదే తిరిగి బదులు పలికింది. ఇరవై ఏళ్ళ కిందట విడిపోయిన తోటిదాని ఈలను గుర్తుపట్టిన డాల్ఫిన్లు కూడా ఉన్నాయి. మంచి కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడని యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది. మనం మాత్రం మన వీధి చివరి ఇంటాయన పేరు 'ఆ మిలిటరీ ఆయన' అనే చెబుతాం.

మన పూర్వ విశ్వాసులకు ఈ ప్రాణి తెలుసు. రోమునగరపు భూగర్భ సమాధుల్లో, సిలువను బాహాటంగా గీయలేని రోజుల్లో, లంగరుకో త్రిశూలానికో చుట్టుకున్న డాల్ఫిన్ బొమ్మను గీశారు. క్రీ.శ. 312లో వేదసాక్షిగా మరణించిన అంతియోకియ పునీత లూసియను దేహాన్ని డాల్ఫిన్ ఒడ్డుకు చేర్చిందని ఒక పాత కథ. కథను కథగానే తీసుకుందాం. కానీ మునిగినవాణ్ణి మోసుకొచ్చే ప్రాణి అనే తలంపు వాళ్ళకు ఊరికే రాలేదు.

ఇది కథ కాదు, చూసి రాసినది. 1954లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర సముద్రంలో పేలుడు మందు పేలి ఒక డాల్ఫిన్ స్పృహ తప్పింది, ఒరిగిపోతూ ఈదసాగింది. వెంటనే రెండు పెద్ద డాల్ఫిన్లు వచ్చి, చెరొక రెక్క కింద తల పెట్టి, దాని ముక్కు నీటికి పైన ఉండేట్టు ఎత్తి పట్టుకున్నాయి. అలా పట్టుకున్నంతసేపూ వాటి ముక్కులు నీళ్ళలోనే ఉన్నాయి. వాటికి ఊపిరి ఆడదు. అందుకని అవి తప్పుకున్నప్పుడు వేరేవి వచ్చి ఆ భారం అందుకున్నట్టు చూసినవాళ్ళు రాశారు. మంద పారిపోలేదు. అది కోలుకున్నాక అన్నీ కలిసి వెళ్ళిపోయాయి. 2008లో దక్షిణ కొరియా తూర్పు సముద్రంలో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. జబ్బుపడిన డాల్ఫిన్ కింద తోటివి తెప్పలాగా వరుసగా చేరి మోశాయి. అది బతకలేదు. చచ్చిపోయిన తరువాత కూడా అవి కొంతసేపు దాన్ని వదలలేదు.

డాల్ఫిన్లు పునీతులని నేను చెప్పడం లేదు. మగవి కొట్టుకుంటాయి, పిల్లలను చంపిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాణిని ప్రాణిగానే చూడాలి. అయినా యోబు గ్రంథం 12వ అధ్యాయం, సముద్రపు ప్రాణులను అడిగితే అవి మనకు బోధిస్తాయంటుంది. అడగడానికి మనకేం నామోషీ?

ఈ ప్రాణికి వచ్చే చావు ఎక్కువగా వలలో వస్తుంది. చేపలకోసం వేసిన వలలో చిక్కుకుంటుంది, పైకి రాలేదు, ఊపిరి అందదు. నీళ్ళలో పుట్టి నీళ్ళలో బతికే ప్రాణి నీళ్ళలో మునిగి చస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం మొదటి పట్టికలో డాల్ఫిన్లున్నాయి. వాటిని చంపడం నేరం. కానీ వల కోసి దాన్ని విడిచిపెట్టేవాడికి ఆ వల అప్పుచేసి కొన్నది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంట్లో రాబడి లేదు. అటువంటివాడు కత్తి తీసి తన వల తానే కోసుకుంటే, గట్టున కూర్చుని నీతులు చెప్పే మనకంటే దేవుని రాజ్యానికి అతడే దగ్గర. ఆ తీరపు కుటుంబాలను మన ప్రార్థనలోనే కాదు, మన చందాల్లోనూ తలచుకోవాలి.

చివరిగా డాల్ఫిన్ ముఖం సంగతి. బొమ్మల్లో చూసి పిల్లలు, "నవ్వుతోంది" అంటారు. అది నవ్వు కాదు, దవడ ఎముక తీరు. ఆకలి వేసినా, నొప్పి పుట్టినా, వలలో ప్రాణం పోతున్నా దాని ముఖం అలాగే ఉంటుంది.

నేను ఇదివరకు పనిచేసిన ఒక విచారణలో మూడవ బల్ల మీద కూర్చునే ఒక రైతు ఉండేవాడు. టమోటా వేసేవాడు. ఆదివారం దివ్యపూజ అయిన తరువాత గుమ్మం దగ్గర నేను, "బాగుండావా నాయనా?" అనేవాణ్ణి. "బాగుండా సామీ" అని నవ్వేవాడు. ఏళ్ళ తరబడి ఇదే మాట. తరువాత కొన్ని వారాలు కనిపించలేదు. బెంగుళూరు పనికి పోయుంటాడులే అనుకున్నాను. ఉపదేశిని పంపాలనుకుని పంపలేదు. పండుగ పనులని నాకు నేను సాకు చెప్పుకున్నాను. ఒక రోజు తెల్లవారుజామున కబురు వచ్చింది, పురుగుల మందు తాగాడని. దేవుని దయవల్ల బతికాడు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఒక్క మాట నాతో చెప్పరాదా?" అన్నాను. అతడు పైకప్పు చూస్తూ అన్నాడు: "ఏం చెప్పేది సామీ. అందురూ 'బాగుండావా' అంటారు. 'బాగుండా' అని చెప్పేస్తా. అంతే గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ ఇంటిని నిలబెట్టింది నేను కాదు. జపమాల గుంపులోని ఇద్దరు అమ్మలు. ఒకామె భర్త చనిపోయి, తనకే అప్పులున్నాయి. ఇంకొకామెకు మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు ఈమె ఆసుపత్రిలో ఉంటే, మరురోజు ఆమె. ఒకరు పిల్లలకు సంగటి చేసిపెట్టారు, ఒకరు అప్పులవాళ్ళ దగ్గరకు అతని భార్యతో కలిసి వెళ్ళి గడువు అడిగారు. వాళ్ళిద్దరూ అలసిపోయినప్పుడు ఆ వీధిలోని ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఎవరూ నన్ను అడిగి చేయలేదు.

నాలుగు నెలల తరువాత అతడు మళ్ళీ పూజకు వచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం, "బాగుండా..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. "ఈ వారం ఎట్లా గడిచింది?" అని అడిగాను. అతడు నా ముఖం చూశాడు. తరువాత గుడి మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పూజవస్త్రాలతోనే పక్కన కూర్చున్నాను. అతడు చెప్పడం పూర్తయ్యేసరికి అరగంట పట్టింది.