అదే కారేనా?

మిషిగన్ రాష్ట్రం డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో నల్లగా నిగనిగలాడే 1961 లింకన్ కాంటినెంటల్ ఉంది. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెనడీకి తూటాలు తగిలింది ఈ కారులోనే.

ఆనాడది ముదురు నీలం రంగులో, పైకప్పు తీసేసి ఉంది. తర్వాత దానికి కవచం తొడిగారు, కదలని కప్పు బిగించారు, వెనుక సీట్ల భాగానికి కొత్త తొడుగులు కుట్టించారు. కెనడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ నల్లరంగు వేయించాడు. 1977 దాకా అది అధ్యక్షుల కొలువులోనే ఉంది.

మరి ఇది అదే కారా?

బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగిందీ ఇలాంటిదే. చక్రమా రథం? ఇరుసా? కాడా? ఏదీ కాదని రాజే ఒప్పుకున్నాడు. భాగాలను ఆధారం చేసుకుని పెట్టుకున్న పేరే రథం, మనిషీ అంతేనన్నది భిక్షువు వాదం.

వాదం గట్టిదే. అయితే ఆ మధ్యాహ్నం జరిగిన ఘోరం ఏ విడిభాగంలోనూ లేదు, ఏ మరమ్మతుతోనూ పోలేదు. అందుకే ఇది అదే కారు.