తాత మాటా, ఫోను మాటా?

కొన్నేండ్ల క్రిందట అక్టోబరు నెలలో భీమిలి తీరమునుండి ఒక యౌవనస్థుడు తగరపువలసలో నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వాయుగుండమని ఫోనులో హెచ్చరిక వచ్చింది. మా తాతేమో గాలి బాగుంది, వేటకు పొమ్మంటున్నాడు. తాత మాట మీరితే పాపమా?" అని అడిగెను.

పెద్దలను సన్మానింపవలెనను ఆజ్ఞ నాకు కంఠస్థమే. అయినను వెంటనే ఉత్తరము తోచలేదు. ఆ తాతది సామాన్యమైన విద్య కాదు. నీటి రంగును, కెరటముల తీరును, నక్షత్రములను చూచి యేబదియేండ్లు సముద్రముమీద బ్రదికినవాడు. నేనో, గోస్తని వంతెన దాటి ప్రసంగము చేసి యిల్లు చేరువాడను. సెమినరీలో మాకు గాలుల సంగతి ఎవరును నేర్పలేదు.

అయితే ఆయన నేర్చిన సముద్రమే మారుచున్నది. బంగాళాఖాతపు నీరు మునుపటికంటె వేడెక్కినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకిన దినము మనమెవరము మరతుము?

ఈ చిక్కు మనకే కాదు. కెనడా ఉత్తరమున ఇన్యూట్ జనులు గడ్డకట్టిన సముద్రముమీదుగా వేటకు పోవుదురు; ఈటెమొనతో పొడిచి మంచు గట్టితనమును తెలిసికొందురు. క్లైడ్ రివర్ అను ఊరివారు నేటి వాతావరణమును ‘ఉగ్గియానక్టుక్’ అందురు. బాగుగా ఎరిగిన స్నేహితుడు పరాయివానివలె ప్రవర్తించినట్లని దాని భావము. 2009-10 శీతకాలము మిక్కిలి వెచ్చనై, నైన్ అను ఊరియొద్ద మంచు సరిగా కట్టలేదు. పిమ్మట అచ్చటివారు పరిశోధకులతో కూడి మంచు మందమును కొలుచు యంత్రములు పెట్టుకొనిరి. అవి ఎక్కడ పెట్టవలెనో చెప్పునది మాత్రము ఆ మంచు నెరిగిన ఊరివారే.

"నాయనా, ఆ హెచ్చరిక తాతకు చూపితివా?" అని అడిగితిని. చూపలేదట! (మన యిండ్లలో తగవులు సగము ఇట్టివే.) ఇద్దరము భీమిలికి బయలుదేరితిమి. దారిలో పౌలు ఎక్కిన ఓడ జ్ఞాపకమునకు వచ్చెను (అపొ. కార్య. 27). ఆ నావికుడు తెలివిలేనివాడు కాడు. మంచి రేవు చేరవలెనను ఆశచేత, మెల్లగా విసరిన దక్షిణపు గాలిని నమ్మెను. ఇంట బియ్యము నిండుకొన్నవానికి ఏ గాలియైనను మంచిగాలిగానే తోచును గదా.

తాత అంతయు విని, నీళ్లలో దిగి చాలసేపు నిలిచెను. "ఇది నా ఎరికలో సముద్రంలాగ లేదు. పడవ పైకి లాగండ్రా" అనెను.

తుఫాను మనవైపు రాలేదు, ఉత్తరముగా పోయెను. రెండు దినముల వేట పోయినది. ఆ యింటి కోడలు బియ్యము అప్పు తెచ్చుకొనెను, ఇరుగుపొరుగువారు నవ్విరి. వెళ్లవద్దనుట నాకు సులభమే. నా జీతములో ఒక్క రూపాయియు తగ్గలేదు.

ఆ ఆదివారము సంఘములో పోగైన పిడికెడు బియ్యము, వేట మానిన యిండ్లకు పంచుదమంటిని. "తుఫాను రాలేదు గదా, నష్టమేమి?" అని ఒక పెద్ద ఆక్షేపించెను. రాలేదు గనుకనే ఇయ్యవలెనని పట్టుబట్టితిని. బియ్యము ఇచ్చితిమి. ఆ పెద్ద మాత్రము నాతో ఇంకను ముభావముగానే యున్నారు.