ఎవరిదీ ఆట?

మొన్న ఆదివారం మా అక్క కూతురు తన ఆరేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "పిన్నీ, వీడికి ఏ ఆట నేర్పిస్తే బావుంటుందంటావు? క్రికెట్టా, షటిలా? ఇప్పటికే ఆలస్యమైపోయిందంటున్నారు మా అపార్ట్‌మెంట్లో" అంది.

ఆరేళ్ళకే ఆలస్యం! పెళ్ళిసంబంధం గురించి అడిగినట్టు అడుగుతోందే అని నవ్వొచ్చింది. కానీ నవ్వే హక్కు నాకెక్కడిది?

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధుకి వెండిపతకం వచ్చిన వారానికే నేను మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి రాకెట్టు కొన్నాను. తెల్లవారుజామున అయిదింటికి లేపి, నిద్రకళ్ళతో తూలుతున్నదాన్ని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. దాన్ని అడక్కపోలేదు. "షటిల్ నేర్చుకుంటావా?" అంటే తలూపింది. అమ్మ మొహం చూశాక ఏ పిల్ల తలూపదు?

అసలు సంగతి వేరు. నేను ఏడో తరగతిలో మా బడి టెన్నికాయిట్ జట్టులో ఉండేదాన్ని. పెద్దమనిషినయ్యాక ఇక గెంతులు చాలంది మా అమ్మ. ఆ రబ్బరు రింగు చేజారిన లోటు ఎక్కడో లోపల ఉండిపోయింది. దాన్ని పూడ్చే పని నా కూతురికి అప్పగించాను, దానికి చెప్పకుండానే.

రెండేళ్ళ తరవాత ఓ పోటీలో మొదటి రౌండ్లోనే ఓడిపోయింది. దారంతా నేనేమీ మాట్లాడలేదు. స్కూటీ వెనకనుంచి చిన్న గొంతు: "అమ్మా, నాన్నకి నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

ఇంట్లో ఎవరో పోయినట్టు అడిగింది. నెలాఖరుకి మాన్పించేశాను.

అలాగని అంతా పిల్లల ఇష్టానికే వదిలెయ్యమని చెప్పలేను. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. కూతురు షటిల్ అంటే సరేనన్నారు. మిథాలీ రాజ్ కథ వేరు. ఆ అమ్మాయికి చిన్నప్పుడు భరతనాట్యమంటే ప్రాణం. పొద్దెక్కేదాకా నిద్రపోతోందని తండ్రి క్రికెట్లో పెట్టారు. 1999లో ఆడిన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే సెంచరీ కొట్టింది. 2022లో రిటైరయింది. ఆ తండ్రి తప్పు చేశారనగలమా? అయితే మనకి తెలిసినవన్నీ గెలిచినవాళ్ళ కథలే కదా. నాట్యం వదులుకునీ సెంచరీ కొట్టలేకపోయిన పిల్ల కథ ఎవరు రాస్తారు?

"అయితే నన్నేం చెయ్యమంటావు పిన్నీ?" అంది మా అక్క కూతురు విసుగ్గా. నిజమే, దానికి కావలసింది నా పశ్చాత్తాపం కాదు.

తెలిసింది చెప్పాను. ఆరేళ్ళవాణ్ణి ఒక్క ఆటకే కట్టెయ్యొద్దు. పరుగు, గెంతు, బంతి విసరడం, పట్టడం ఒంటికి అలవాటైతే తరవాత ఏ ఆటైనా వస్తుంది. ఏడాది పొడుగునా ఒకే ఆటైతే ఒకే భుజం, ఒకే మోకాలు దెబ్బతింటాయని డాక్టర్లే హెచ్చరిస్తున్నారు. నలుగురిలో ఉత్సాహపడే పిల్లాడైతే ఖోఖో, ఫుట్‌బాల్ చూపించు. గంట ప్రయాణం చేసి చేరే గొప్ప కోచ్ కంటే, వీధి చివర కేకలెయ్యని మాస్టారు మేలు. ఈత మాత్రం ఇష్టాయిష్టాలతో పనిలేకుండా నేర్పించు, అది ప్రాణానికి సంబంధించింది. ఇక, వెళ్ళే వేళకి బూట్లు తనే వెతుక్కుంటున్నాడా, దాచేస్తున్నాడా చూడు. మా అమ్మాయి బూట్లు వారానికోసారి మాయమయ్యేవి. పనిమనిషిని అనుమానించాను, పాపం.

"మూడు నెలలకే మానేస్తానంటే? వదిలెయ్యడమే అలవాటైపోతే?"

దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఇంకో ఏడాది ఓపిక పడితే మా అమ్మాయికి ఆ ఆట మీద ప్రేమ పుట్టేదేమోనని ఇప్పటికీ అనిపిస్తూంటుంది.

ఇంతకీ పిల్లాడేడని చూస్తే, మా గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురు సందులో వాచ్‌మన్ పిల్లలు ఏడుపెంకులాట ఆడుతున్నారు. వెనక్కి తిరిగి, "వెళ్ళనా?" అన్నాడు.

"కొత్త చొక్కారా..." అనబోయి, మా అక్క కూతురు నా వంక చూసి ఆగిపోయింది.