ఒకప్పుడు వెలుగును, ఒకప్పుడు వెలుగదు

దామరచర్లలోని మా యింట చాల యేండ్లుగా సేవచేయుచున్న కంప్యూటరొకటి గడచిన కార్తీకము మొదలు విచిత్రమైన నడవడి నవలంబించెను. తెల్లవారుజామున మీట నొక్కినచో లోపలి ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోవును. ఒక్కొక్కనాడు అదియు తిరుగదు. మధ్యాహ్నము అదే మీటను అదే వ్రేలు నొక్కినచో ఏమియు ఎరుగని దానివలె వెలుగును. మా మండలమందే వీర్లపాలెమున, అయిదు యూనిట్లుగా 4000 మెగావాట్ల సామర్థ్యముతో తలపెట్టిన యాదాద్రి విద్యుత్కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరుగగా, ఆ పొగగొట్టముల పొరుగున బల్లమీది చిన్నపెట్టె వెలుగుట దైవాధీనమగుట చూచి, దీపము క్రింద చీకటి యనువారు మా యింటిని చూచియే యనిరేమో యనుకొంటిని.

దైవాధీనమనుట అలంకారముగ అన్నమాట కాదు. స్నానము చేసి, గోడస్విచ్చి వేసి, విష్ణుసహస్రనామపారాయణము ముగించి తీర్థము పుచ్చుకొని వచ్చి నొక్కిననాడు అది తప్పక వెలుగుచుండెను. తొందరపాటున పారాయణము వాయిదావేసి నొక్కిననాడు వెలుగకుండెను. మూడు వారములపాటు ఈ నియమమునకు భంగము కలుగలేదు. "దేవునికి దండం పెట్టకుండా కూసుంటే అది మాత్రం ఎట్ల లేస్తదండి?" అని మా యావిడ అనుటలో పరిహాసమెంతయో, నమ్మకమెంతయో నేటికిని నిర్ణయింపజాలను. బస్సులో మిర్యాలగూడకు మోసికొనిపోయి ఒక దుకాణమున చూపితిమి. అచటి కుర్రవాడు ర్యాము తీసి రబ్బరుతో రుద్ది, నాణెమువంటి బ్యాటరీ మార్చి, వైరు తగిలించి, టీ త్రాగివచ్చి నొక్కగా మొదటిమాటుననే వెలిగినది. "మంచిగనే ఉంది గద సార్!" అనెను. మరునాటి వేకువను మా యింట మరల మౌనమే.

ఇట్టి తరుణమున మనుష్యునికి రెండు త్రోవలు సులభముగ కనబడును. ఇది ఆకస్మికము, దీనికి హేతువు లేదనుట యొకటి. అంతయు ఈశ్వరేచ్ఛయని చేతులు జోడించుట రెండవది. మొదటిది నాస్తికుని మాటయని, రెండవది భక్తుని మాటయని మనము తలతుము. కాని సుమారు 1000 ఏండ్లకు పూర్వము ఈశ్వరుని యునికిని తర్కముచే నిలుపుటకై న్యాయకుసుమాంజలిని రచించిన ఉదయనాచార్యుడు తన వాదమును ఈ సుఖమైన త్రోవలలో మొదటిదానిని మూసివేయుటతోనే ఆరంభించెను. హేతువు లేనిదైనచో వస్తువు ఎల్లప్పుడును ఉండవలెను, లేదా ఎన్నడును ఉండరాదు. ఒకప్పుడుండి ఒకప్పుడు లేకపోవుటయే, శాస్త్రకారులు కాదాచిత్కత్వమన్న ఆ యప్పుడప్పుడు తనమే, అది మరియొకదానిపై ఆధారపడియున్నదనుటకు సాక్ష్యము. కనుక మా కంప్యూటరు అసలు వెలుగకున్నచో అంత చెప్పెడిది కాదు; వెలిగియు వెలుగకుండుటచే తన రహస్యమును తానే చాటుచుండెను. భగవద్గీతయు కర్మసిద్ధికి అయిదు కారణములు చెప్పుచు, అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు అనువానిని లెక్కించిన పిమ్మటనే దైవమును అయిదవదిగ పేర్కొనెను. మనమో, తక్కిన నాలుగింటిని విచారించు శ్రమకోర్వక అయిదవదానినే ముందు పిలుతుము. ఇందు భక్తికంటె బద్ధకము పాలెక్కువయని నా యనుమానము.

మార్గశిరమున ఒక రాత్రి గోడస్విచ్చి కట్టుట మరచితిని. మరునాడు పాచిముఖముతోనే, నామమొక్కటియైన పలుకక, మీట నొక్కితిని, వెలిగెను! తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున కారణమనగా కార్యమునకు నియతముగ ముందుండునదని నిర్వచించి, ఆ నియతపదమెందులకో దీపిక యను తన వ్యాఖ్యలో తానే వివరించెను. మట్టి మోసిన గాడిద ఏదో యొక కుండకు ముందుండవచ్చును. ప్రతి కుండకును ముందుండవలెనను నియమము లేదు. మూడు వారములు నేను కారణమని నమ్మినది ఆ గాడిద వంటిదేనా యని సిగ్గుతో కూడిన నవ్వు వచ్చెను.

ఈసారి దుకాణపు కుర్రవానికి గోడస్విచ్చి సంగతి చెప్పగా అతని ముఖము వికసించెను. కంప్యూటరు వెనుకభాగమున ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్పేటిక గలదు. యంత్రము నిద్రించుచున్నను, గోడస్విచ్చి వేసియున్నంతసేపు అందొక చిన్నభాగము 5 వోల్టులతో మేలుకొనియుండి, మీట నొక్కగనే తక్కినదానిని లేపును. ఏండ్ల తరబడి వేడికి అందలి కెపాసిటర్లలోని ద్రవము ఇంకిపోయినప్పుడు, చలిలో అవి తమ పని నిర్వర్తింపజాలవు. కొంతసేపు విద్యుత్తు ప్రసరించి వెచ్చబడిన పిమ్మట ఎట్లో నెట్టుకొనివచ్చును. పేటిక విప్పి చూపగా ఒక కెపాసిటరు తల ఉబ్బియుండెను. (వైరు ఊడదీసినను లోపల కరెంటు నిలిచియుండునని, నన్ను వ్రేలు పెట్టనీయలేదు.) నా పారాయణమునకు పట్టు అరగంటయు, అతని టీకి పట్టు పావుగంటయు దాని దృష్టిలో ఒక్కటే. క్రొత్త పేటిక వేసినంతట రోగము కుదిరినది.

ఇక మిగిలినది పారాయణము. యంత్రమును లేపు ఉద్యోగమునుండి దానికి విరామము దొరకిన తరువాత మొదటిదినములలో ఏదో వెలితి తోచెనని ఒప్పుకొనవలెను. నామములను నేను దేవుని కొరకు చదివితినా, పెట్టె కొరకు చదివితినా? ఆ ప్రశ్న వెలుగుచున్న తెరయెదుట కూర్చున్నప్పుడే గ్రుచ్చుకొనెను.

ఆ మనఃస్థితిలోనే కృష్ణా మూసీ సంగమస్థానమైన వాడపల్లికి పోయితిని. అచటి లక్ష్మీనరసింహస్వామి గర్భాలయమున రెండు దీపములుండుట ఈ ప్రాంతమువారందరు ఎరిగినదే. స్వామి ముఖము నొద్దనున్న దీపము కదలుచుండును, పాదముల నొద్దనున్నది నిశ్చలముగ నుండును. పైది కదలుట స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసముల చేతనని భక్తులు చెప్పుదురు. చిన్ననాటినుండి ఎన్నిమార్లు చూచితినో, ఎన్నిమార్లును పైదీపమునే చూచితిని. ఊపిరి యనుట నిజమగుగాక, కాకపోవుగాక. అది గాలి కాదని చెప్పదలచినవాడు, గాలియైనచో రెండును కదలవలెను గదాయని యడుగుటకు పాదముల నొద్ద ఇంకొక దీపము ఉండవలెను. ఆ రెండవ దీపమును చూపి మాటాడిన మొదటి భక్తుడెవడో, కారణమున్నచో కార్యముండుట, లేనిచో లేకుండుట యను అన్వయవ్యతిరేకములు తెలిసినవాడు. అర్చకులు తెర తొలగించి హారతి పట్టిరి; ఆనాడు నా చూపు ముందుగా క్రిందిదీపముమీదికి పోయెను.