మూడో ప్రయత్నం

కోల్‌కతా నుంచి హుగ్లీ నది దాటితే హౌరా జిల్లా. అక్కడి దేవుల్‌పూర్ కుర్రాడు అచింత షియులి. తండ్రి పోయాక తల్లి, అన్న, తను చీరలమీద జరీ పని చేస్తూ ఇల్లు నెట్టుకొచ్చారు. అన్న కూడా బరువులెత్తేవాడే. తమ్ముడి కోసం మానేశాడు. ఆ అన్న గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు, వెయిట్‌లిఫ్టింగ్ 73 కిలోల విభాగం. స్నాచ్‌లో 143 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో 166 ఎత్తి, రెండోసారి 170 అడిగాడు. నిలవలేదు. మూడోసారీ అదే 170. ఈసారి నిలిచింది. మొత్తం 313, స్వర్ణం!

పవర్‌లిఫ్టింగ్‌లోనూ మూడో ప్రయత్నమే ఆఖరు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్, ఒక్కోదానికి మూడే అవకాశాలు. తప్పినా బరువు తగ్గించుకునే వీల్లేదు. బెంచ్‌మీద కడ్డీ ఛాతీకి ఆనాక కదలకుండా ఆపి, రెఫరీ చెప్పేదాకా ఆగాలి. ఎంత బలమున్నా ఆ క్షణం ఆత్రపడితే ఎర్రదీపాలే, ఆ ప్రయత్నం చెల్లదు. ఒకే లిఫ్ట్‌లో మూడూ తప్పితే మొత్తం బరువు లెక్కలోనే ఉండరు. అందుకే అనుభవజ్ఞులు మొదటి బరువు తప్పకుండా లేచేదే అడుగుతారు. జాతీయ పోటీకి కొత్తగా వెళ్లే పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే.

ఆఖరి బరువు సంగతి వేరు. మన శ్రీకాకుళం బిడ్డ, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ ఆఖరి ప్రయత్నానికి 137.5 కిలోలు అడిగారు. లేచి ఉంటే స్వర్ణం. లేవలేదు. మొత్తం 240తో కాంస్యం వచ్చింది, పైవాళ్లిద్దరూ 242.5. అంత బరువెందుకన్నవాళ్లున్నారు. అడిగినందుకే నాకు ఆమె అంటే గౌరవం.